దీపం పెట్టాక అడిగే ప్రశ్న

కామాటిపుర, ముంబై

అమ్మా,

నీ కూతురు సునీత నమస్కారాలతో రాస్తున్నది. క్షేమం అడిగే ముందు ఒక కోపం ఉంది, అది కక్కేస్తాను. మొన్న ఫోన్‌లో అన్నయ్య వెనక నుంచి "ఈడ ఏం తక్కువైందని పోయింది?" అనడం నాకు వినబడింది. నువ్వు కూడా ఊఁ అన్నావు. ఏదో తక్కువైతేనే ఆడపిల్ల ఇల్లు కదులుతుందని మీ లెక్క. నాకేమీ తక్కువ కాలేదు. చదివిన ఇంగ్లీషు ఎక్కడైనా పనికొస్తుందేమో చూద్దామని వచ్చాను. ఈ మాట ఫోన్‌లో చెబితే నువ్వు స్పీకర్ పెడతావు, అన్నయ్య మధ్యలో దూరతాడు. అందుకే ఈ కాగితం.

నీ బీపీ మాత్రలు మానలేదు కదా? నాయనమ్మ దగ్గు తగ్గిందా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. వాన మాత్రం ఆగదు. గదుల ముందు వసారాలాంటి గ్యాలరీలో ఆరేసిన బట్టలు తడి వాసనతోనే వేసుకుంటున్నాను. పొద్దున యాదమ్మత్త పావ్, చాయ్ పెడుతుంది. ఆదివారం నాకోసమని జొన్నరొట్టె చేస్తుంది. తింటున్నాను, బెంగపడకు. ఇంతమంది మధ్య ఉన్నా సాయంత్రాలు ఏదోలా ఉంటుంది. పిల్లలంతా మరాఠీలో మాట్లాడుకుంటారు, నేను తెలుగులో పిలిస్తే నవ్వుతారు.

ఇక ఉద్యోగం సంగతి. అత్తవాళ్ల చాల్‌నూ, అదే ఈ గదికో కుటుంబం ఉండే పాత మేడను, పక్క చాల్‌నూ యజమాని రిపేరు చేయిస్తానన్నాడు. ఏ ఇంట్లో ఏం కొరత ఉందో అడిగి ఇంగ్లీషులో రాసిచ్చే పని ఒక కంపెనీకి అప్పగించాడు. ఆ రాసే మనిషిని నేనే. ఈ గదుల్లో ఉండేది మన తెలుగువాళ్లే, మన పిల్ల అడిగితే మనవాళ్లు తలుపు తీస్తారని నన్ను పెట్టుకున్నారు. అప్పుడు సంబరపడ్డాను. ఇప్పుడు అనుమానిస్తున్నాను.

పై అంతస్తుకు నీళ్లు ఎక్కవు. అత్త మోకాళ్లు పట్టుకుంటూ కింది నల్లా నుంచి బిందెలు మోస్తుంది. అందుకని మొదట్లో ఒక ఇంటికి నీళ్లు 'షార్టేజ్' అని రాశాను. మా సూపర్‌వైజర్ ఆ మాట కొట్టేసి, నవ్వుతూ హిందీలో చెప్పాడు: "షార్టేజ్ అంటే ఎవరో తెచ్చివ్వాలి. 'లిమిటెడ్' అని రాయి. లిమిటెడ్ అంటే ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు."

"మరి ఇన్‌సఫిషియెంట్?"

"ఎంత చాలదో కొలవమంటారు. ఎవడు కొలుస్తాడు?"

"ఇనాడిక్వేట్?"

"కాలేజీ చదివావని తెలుసులే, రాయి."

డిగ్రీలో ఈ మాటలన్నీ ఒకదాని బదులు ఒకటి రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇక్కడ ఒక్కో మాట ఒక్కొక్కరి వైపు వేలు చూపిస్తుంది. షార్టేజ్ అంటే యజమాని వైపు. 'ల్యాకింగ్' అంటే ఇంట్లోవాళ్ల వైపు: ల్యాకింగ్ అవేర్‌నెస్, ల్యాకింగ్ క్లెన్లీనెస్, అంటే వీళ్లకు తెలివిడి లేదు, శుభ్రత లేదు అని. సూపర్‌వైజర్‌కు ఆ మాటంటే భలే ఇష్టం.

కొరత ఉందని మనవాళ్లు నోరు తెరిస్తే ఏదో ఒక మాట రాయగలను కదా. తెరవరు. ఎందుకంటే సూపర్‌వైజర్ నన్ను వెంటబెట్టుకుని ఎప్పుడూ సాయంత్రమే వస్తాడు. దీపం పెట్టాక నువ్వు మనింట్లో 'లేదు' అనవు, ఉప్పు అయిపోయినా తెల్లారాకే పక్కింటికి పోతావు. ఇక్కడా అంతే, ఇంకా గట్టిగా. నీళ్లు చాలుతున్నాయా అని అడిగితే అత్త నా మొహం చూడకుండా అతనితో, "అన్నీ ఉన్నయి సాబ్, దేవుని దయతోని ఏం కమీ లేదు" అంది. అతను నా వైపు తిరిగి "అడిక్వేట్" అన్నాడు, అంటే చాలినన్ని ఉన్నాయని. రాశాను.

అతను వెళ్లాక అత్తను పట్టుకున్నాను.

"పొద్దుగాల బిందె మోసుకుంట తిట్టినవు గదత్తా, ఇప్పుడెందుకు జెప్పలే?"

"దీపం ముంగట లేదంటరానే? లచ్చిమి ఇంట్లకొచ్చే యాళ్ల! నీకు సదువు ఎక్కువై బుద్ధి కమ్తీ పడ్డది."

"నల్లా కాడ అడిగితే చెప్తవా మరి?"

"నల్లా కాడైతే ఆని అయ్యకు గూడ చెప్త!"

సాయంత్రమైతే అందరూ ఇళ్లలో ఉంటారని సూపర్‌వైజర్ అంటాడు. కావచ్చులే అనుకున్నాను. నిన్న పక్క చాల్‌లో ఒక తలుపు తెరిచే ఉంది, లోపల ఒకావిడ బియ్యం ఏరుతోంది. నేను పిలవబోతే అతను చేయి అడ్డం పెట్టాడు. మెడ చాచి దేవుడి గూటి వైపు చూశాడు. దీపం లేదు. "కాసేపాగు" అని మెట్ల దగ్గర సిగరెట్ వెలిగించాడు. లోపల ఆవిడ అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించగానే సిగరెట్ ఆర్పేసి, "ఇప్పుడు పద" అన్నాడు.

అమ్మా, ఆ మనిషికి తెలుగు ఒక్క ముక్క రాదు. మన ఇళ్లలోని ఈ పట్టింపు అతనికి ఎవరు చెప్పారు? మనవాళ్లే ఎవరో చెప్పి ఉండాలి. ఇప్పుడు గ్యాలరీలో ఎవరు నవ్వుతూ పలకరించినా, అతనికి చెప్పింది వీళ్లేనా అనిపిస్తోంది.

ఎల్లుండి ఈ జవాబులు యజమానికి వెళతాయి. కింద నా సంతకం ఉంటుంది. అడిక్వేట్ అన్న ఇంటికి కొత్త పైపు రాదు. అత్త మోస్తూనే ఉంటుంది.

ఊరి నుంచి ఎవరైనా వస్తే చింతకాయ తొక్కు పంపు, అత్త అడిగింది. నాయనమ్మ కాళ్లకు నా తరఫున దండం పెట్టు. అన్నయ్యను అడిగానని చెప్పు, కోపం ఉందని కూడా చెప్పు. నన్ను దీవించు. సాయంత్రం దేవుడి ముందు వద్దు, పొద్దున నీళ్లు పట్టేటప్పుడు దీవించు.

రేపు పొద్దున నల్లా దగ్గర నిలబడి అందరినీ మళ్లీ అడుగుతాను. చెప్పింది చెప్పినట్టు, షార్టేజ్ అనే రాస్తాను. ఆ కాగితం మీదే సంతకం పెడతాను. ఈ పని పోతుంది. ఇంకోటి వెతుక్కుంటాను. ఊరికి రావడం లేదు.

నీ కూతురు
సునీత