సీటు సందులో దొరికిన పుస్తకం

బస్సు డిపోలో సీట్లు కుట్టి రిటైరై, మందుల షాపు పైన రెండు గదుల వాటాలో ఒంటరిగా ఉంటున్న నేను, తెలివి తేటగా ఉండగానే, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. గుండె బలహీనపడిందని డాక్టరు గారన్నారు. బుర్రకేమీ కాలేదని ఆయన చేతనే విడిగా రాయించుకుని దీనికి జతచేశాను. ఇంతకు ముందు రాసిన వీలునామా లేదు కనుక రద్దు చేయవలసిందీ లేదు.

1. దీని అమలు బాధ్యత కింద మందుల షాపు నడిపే వదినకు అప్పగిస్తున్నాను. వదిన అని పిలవడమే గాని చుట్టరికం లేదు. మెట్ల మీద నా అడుగుల చప్పుడు వినపడకపోతే పైకి వచ్చి చూసే మనిషి ఆమె ఒక్కతే. బ్యాంకులో నా పేరున ఉన్నది అంత్యక్రియల ఖర్చు పోగా ఆమెకే చెందుతుంది. వద్దంటుంది. అనడానికి వీల్లేదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

2. నా కుట్టుమిషను, వంకర సూదులు, పెద్ద కత్తెర డిపోలో నా తరవాత చేరిన అమ్మాయికి. మా సెక్షన్ ఫోర్‌మన్‌కు, నా పనిని ఉన్నన్నాళ్ళూ "ఆడవాళ్ళ సరదా కుట్లు" అన్న పెద్దమనిషికి, తన కుర్చీలో వేసుకుని కూర్చునే దిండును ఖాయం చేస్తున్నాను. అది కుట్టింది నేనేనని ఆయనకు ఇప్పుడు తెలిసినా ఫరవాలేదు.

3. కిటికీ పక్క అరలోని పుస్తకాలన్నీ డిపోలో డ్రైవర్లు, కండక్టర్లు నడుం వాల్చే గదికి చెందాలి. అన్నీ ఒకే రచయిత్రివి. ఆస్పత్రిలో నర్సుగా చేసిన క్రైస్తవురాలు. ప్రార్థన గురించి, ఆత్మ ఎదుగుదల గురించి రాసింది. మొదటిది ఒక చినిగిన సీటు విప్పుతుంటే వెనక సందులో ఇరుక్కుని దొరికింది. ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు పెట్టే గదిలో అప్పగించాను. కొన్ని నెలలకు అక్కడి గుమస్తా పిలిచి, "ఎవరూ రాలేదక్కా. నువ్వే పట్టుకెళ్ళు, ఇక్కడుంటే బొద్దింకల పాలవుతుంది," అన్నాడు. పెళ్ళికో చావుకో తప్ప చర్చి గడప తొక్కే మనిషిని కాను. ఆదివారాలు గడవక చదివాను.

రోజూ కాసేపు ఏమీ అడక్కుండా దేవుడి ముందు కూర్చోమని అందులో ఉంది. కూర్చున్నాను. ఫ్యాను కిర్రుమనడం తప్ప ఏమీ వినపడలేదు. ఆ పేజీ అంచున పెన్సిలుతో "అబద్ధం" అని రాశాను. ఏడాది పోయాక దాని కిందే "ఏమో" అని రాశాను. ఆ రాతలు చెరపొద్దు. తరవాత చదివేవాళ్ళకు తోడుగా ఉంటాయి.

ఇంకో పుస్తకంలో, మనల్ని గాయపెట్టిన మనిషిని రోజూ ఒక్కసారి దేవుడి ముందు తలుచుకోమని రాసింది. మంచి కోరనక్కర్లేదట, తలుచుకుంటే చాలట. అక్కడ పుస్తకం మూసేశాను. నాకొక చెల్లెలుంది. అమ్మ మంచాన పడి పోతే నాకు కబురు పెట్టలేదు. సమాధి చేశాక చెప్పింది. రెండు బస్సులు మారితే చేరే దూరంలో ఉండి కూడా నాకు అమ్మ ఆఖరి చూపు దక్కలేదు. అప్పటినుంచి మాటల్లేవు.

మళ్ళీ పుస్తకం తెరిచాక కూడా మొదట్లో "ఆవిడ" అనే తలుచుకున్నాను. తరవాత "అమ్మ రెండో కూతురు" అన్నాను. "చెల్లి" అన్న మాట నోటికి రావడానికి ఏళ్ళు పట్టింది. నా విషయంలో ఎదుగుదల అంటే ఇంతే.

4. ముందు గదిలోని రెండో కుర్చీ వీధి మలుపున సెలూను తమ్ముడికి. అతని దగ్గర జనం నిలబడి ఎదురుచూస్తుంటారు. ఎవరైనా వస్తారని కొని, డిపోలో ఏ సీటుకూ వెయ్యనంత నాజూకు కుట్లు వేశాను. దాని మీద ఎక్కువగా కూర్చున్నవి ఉతికిన బట్టలు.

5. ఆ రచయిత్రి నాకంటే ముందే పోయింది కనుక ఆమెకు ఏమీ రాయలేను. ఒక చర్చి హాల్లో మాట్లాడుతుందని తెలిసి సెలవు పెట్టి వెళ్ళాను. వాన వల్ల జనం పలచగా ఉన్నారు. అయిపోయాక ఆమే కుర్చీలు మడుస్తుంటే సాయం పట్టాను. "మీరు రాసినట్టే చేస్తున్నానండీ, చెల్లి మీద కోపం మాత్రం పోవట్లేదు," అన్నాను. ఆమె చేతిలో కుర్చీ కింద పెట్టింది. "నాకు చేతనైనవి రాశాననుకున్నావా అమ్మా? మా అన్నయ్యతో నేనింకా మాట్లాడలేదు. చేతకాకే రాసుకున్నాను," అంది.

తిరుగు బస్సులో మోసపోయానని ఏడుపొచ్చింది. దిగేవేళకు ఆమె మీద జాలి మిగిలింది. ఆమె అన్నయ్య గుమ్మానికి వెళ్ళలేకపోయినా, నేనైనా చెల్లి గుమ్మానికి వెళ్దామనిపించింది.

చెల్లి తలుపు గొలుసు తియ్యకుండానే "ఎవరూ?" అంది. నన్ను చూసి తీసింది. మంచినీళ్ళిచ్చింది. "ఎందుకు పిలవలేదే?" అని అడిగాను. కొంగు అంచు నలుపుతూ చెప్పింది.

"పోయేముందు అమ్మ నిన్ను అడగలేదక్కా. పక్కింటి వాళ్ళను కూడా 'ఏరీ, వచ్చారా' అని అడిగింది, నిన్నడగలేదు. పిలిస్తే, 'నన్ను అడిగిందా' అంటావు. ఏం చెప్పను? నన్ను తిట్టుకుంటావులే, అదే నయమనుకున్నా."

ఇంటికొచ్చాను. ఇన్నేళ్ళూ ఈ గదుల్లో నాతో కాపురమున్నది ఆ కోపమే. అది కూడా వెళ్ళిపోయాక ఇల్లు బావురుమంది. పుస్తకాలన్నీ తిరగేశాను, దీనికి వాటిలో పేజీ లేదు. మర్నాడు పొద్దున మామూలుగానే కూర్చుని, ముందు చెల్లిని తలుచుకున్నాను, తరవాత అమ్మను. నేనూ చెల్లీ మళ్ళీ కలుసుకోలేదు. ఎవరికీ మొహం చెల్లలేదు.

6. సీటు గుడ్డల మిగులు ముక్కలతో నేను కుట్టుకున్న దుప్పటి చెల్లికి. ఈ వీలునామాను వదిన చేత ముందుగానే చదివిస్తున్నాను కనుక ఆమెకు ఒక పని కూడా అప్పగిస్తున్నాను. నాకిక రోజులు దగ్గరపడ్డాయని డాక్టరు గారన్న వెంటనే, నాకు మాట ఉన్నా పడిపోయినా, చెల్లికి కబురు పెట్టాలి. అక్క నిన్ను అడిగిందని చెప్పాలి. అది వదిన జాలిపడి కల్పించిన మాట కాకూడదు కాబట్టి, ఒంట్లో తెలివి ఉండగా, సాక్షుల ఎదుట, ఇక్కడే అడుగుతున్నాను: చెల్లి ఏదీ? వచ్చిందా?

పైదంతా చదువుకుని, సరేననుకుని, ఆగస్టు పద్నాలుగో తేదీ శుక్రవారం ఉదయం సంతకం చేశాను.

(సంతకం)
డిపోలో అందరూ పిలిచే సూదక్క

సాక్షులు:
డిపో మెకానిక్, స్పానర్ బాబాయి
సామాన్ల గది గుమస్తా