పున్నమి నాటి గోలీ

శుక్రవారం, పున్నమి

కిటికీల నుంచి ఎన్నెల వచ్చి మంచం మీద పడ్డది. మా ఆయన మొఖం పాలల్ల కడిగినట్లుంది. ఇంత నిమ్మళంగ పండుకున్న మనిషి పొద్దుగాల పత్తి చేన్ల ఫిట్స్ వచ్చి కొట్టుకుండంటే నాకే నమ్మబుద్ధి అయితలేదు.

కూలోళ్లు ఉరికొచ్చి చేతుల ఇనుప తాళం పెట్టవోయిన్రు. నేను వద్దని, ఆయనను పక్కకు తిప్పి పండవెట్టిన. తెలివొచ్చినంక నాగర్‌కర్నూల్ దవాఖానకు తోల్కపోయిన.

“గోలీలు సరిగ మింగుతున్నవా?” అని డాక్టరమ్మ అడిగింది.

“అమావాస్య వారమంత ఒక్కటి కూడ తప్పియ్య మేడం” అన్నడు, పెద్ద ఘనకార్యం చేసినట్లు. “ఫిట్స్ వచ్చేది అమావాస్యకే గద. తక్కిన దినాలు ఉత్తగ ఎందుకని మింగ.”

గోలీలు గిట్ల ఆపుతున్నడని నాకు తెల్వనే తెల్వదు.

ఆమె కోపం చెయ్యలే. “గోలీకి చంద్రునితోని పని లేదయ్యా. రోజూ ఒకటే టైంకు పడాలె. నడుమ నడుమ ఆపితే గిట్లనే తిరగబెడ్తది. నేను చెప్పేదాంక ఆపొద్దు” అన్నది.

చేన్ల పడ్డడు కాబట్టి సరిపోయింది. గదే బాయి గడ్డ మీద అయితే...

బువ్వ తిన్నంక గోలీ, నీళ్లు చేతికిచ్చిన. “ఇయ్యాల పున్నమి గదనే” అన్నడు మెల్లగ.

“గట్లయితే రోజూ అమావాస్యే అనుకొని మింగు” అన్న. నవ్వి మింగిండు.

ఊరంత ఎన్నెల పరుచుకున్నది. మా ఇంట్ల మాత్రం ఇయ్యాల్టి సంది రోజూ అమావాస్యే.