సూది కదులుతుందని

నాన్నా,

నువ్వు పోయి ఏడాదైనా నీ మీద కోపం తగ్గలేదు.

నిన్న ల్యాబులో, రెండు చిన్న అద్దాల మధ్య బంధించిన వెలుగు ఎక్కడ చిక్కగా, ఎక్కడ పలచగా ఉందో కొలిచాను. వెంట్రుకకంటే సన్నని మైక్రోస్కోపు సూదిని ఆనీ ఆననంత దగ్గరకు జరిపి బొమ్మ తీశాను. ఈరోజు జహీరాబాద్‌లో మన ఇంటికొచ్చి ఆ బొమ్మ అమ్మకు చూపించాను. నిన్ను చివరిసారి ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు నాకు ఫోనెందుకు చేయలేదని మళ్ళీ అడిగాను. ఈసారి చెప్పింది.

"మీ నాయినే వద్దన్నడు బిడ్డా. పిల్ల కొలత తీస్తుంటది, ఫోన్ మోగితే సూది కదులుతదన్నడు."

ఆ మాట నీకు చెప్పింది నేనే. ఊరికే ఫోన్లు చేస్తున్నావని విసుగొచ్చి చెప్పాను. నా ఫోను గది బయట అరలో ఉంటుంది. ఎంత మోగినా సూదికేమీ కాదు.

ప్రతిదానికీ నాతో వాదించేవాడివి. ఆ ఒక్క మాట ఎందుకు నమ్మావు?