టాంకీ మూతా, పిన్నీసూ

ఏమయ్యా, నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు గదా.

నువ్వు పోయాక మొదటి ఆయుధపూజ మొన్న అయింది. నేను పెట్టకూడదని కోడలు సుగుణ చేత బావి దగ్గరి పెట్రోలు ఇంజనుకు నిండుగా పసుపు పూయించి, కుంకుమ పెట్టించాను. మరునాటి నుంచి అది కాసేపు తిరిగి ఆగిపోతోంది. కొత్తగా నాటిన టమాటా మొక్కలు వాడిపోయాయి.

ఈ రోజు మన అబ్బాయి మునిరత్నం గోనెపట్ట పరిచి ఇంజనంతా విప్పేశాడు. ఒక్కొక్కటే కిరసనాయిలులో కడుగుతుంటే నేను పక్కనే నిలబడి వాషర్లు లెక్కపెట్టుకుంటున్నాను.

"మళ్లీ బిగించేది వస్తాదా నాయనా? ఒక్క వాషరు పోయినా బంగారుపాళ్యం దాకా పోవాల."

"నువ్వు అట్ల కూసోమా! నీ దిగులు సూసే అది నిలిచిపోతా ఉండాది."

అంతా బిగించినా మళ్లీ ఆగింది. అప్పుడు టాంకీ మూత తిప్పి చూసి నవ్వాడు. మూతకున్న సన్నని రంధ్రంలో పసుపు గట్టిపడింది. అందులోంచి గాలి పోకపోతే పెట్రోలు దిగదట.

"పిన్నీసుంటే ఇయ్యిమా" అన్నాడు.

ఏటా పూజ మరునాడు నువ్వడిగే మాటే అది. నా గాజుకున్నది తీసిచ్చేదాన్ని. ఎందుకని అడిగితే "ఊరికేలే" అనేవాడివి. మూతకు పూయొద్దని ఒక్కనాడూ అనలేదు.

ఇప్పుడు నాకు గాజులు లేవు. గట్టు మీదున్న సుగుణను అడిగాను.

"ఎందుకత్తా?" అంది.

"ఊరికేలేమ్మా" అన్నాను.

సాయంత్రానికి మొక్కలన్నిటికీ నీళ్లు పారాయి. పిన్నీసు పారేసుకోవద్దని మాత్రం సుగుణకు రెండుసార్లు చెప్పాను. వచ్చే ఏడూ కావాలి గదా.