ఎంగిలి మంజూలు

2021 మార్చి, ఆదివారం రాత్రి

జపాన్‌లో వేడినీటి బుగ్గల ఊళ్ళో పనిచేసే అక్క, అక్కడి పాత మిఠాయి కొట్టు మంజూలు తెలిసినవాళ్ళతో పంపింది. లోపల ఎర్ర చిక్కుడుగింజల పూర్ణం పెట్టి, ఆవిరి మీద ఉడికించిన బన్నులవి. తెచ్చుకుంటుంటే, సైన్యం దేశాన్ని చేజిక్కించుకున్నప్పట్నుంచీ మా వీధి మొదట్లో కాపలా ఉంటున్న సిపాయి ఆపి డబ్బా తెరిపించాడు. మొన్న ఊరేగింపులో మా కుర్రాళ్ళ మీద తుపాకీ ఎత్తిన చెయ్యే మంజూల కోసం చాపాడు.

ఒళ్ళు మండింది. మాస్కు కిందికి లాగి, వాడి కళ్ళెదుటే ఒక్కొక్కటీ కొరికి మళ్ళీ డబ్బాలో పెట్టాను. కరోనా భయం వాడికీ ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని పొమ్మన్నాడు.

ఇంటికొచ్చి డబ్బా అమ్మ ముందు పెట్టాను.

"ఏటే ఇవి, ఎలకలు కొరికినట్టున్నాయి?" అంది అమ్మ. జరిగింది చెప్పాను. కన్నపిల్లల ఎంగిలి కూడా ఏనాడూ ముట్టని మనిషి, నేను కొరికిన మంజూ తీసి నోట్లో పెట్టుకుంది.

"మన పూర్ణంలాగే ఉందే."

రేపు పనికి అదే దారిన వెళ్ళాలి. మాస్కు తీసి మరీ మొహం చూపించాను, వాడు మరిచిపోడు. ఆ మాటే అంటే అమ్మ, "బూరెలొండి ఇత్తాను. అవీ కొరుక్కుంటా ఎల్లు," అంది.

నిజంగానే శనగపప్పు నానబోసింది.