రాహేలమ్మ ఉరఫ్ లచ్చమ్మ రక్షణ విషయం

కోదాడ,
ఆదివారం, మధ్యాహ్న భోజనానంతరం.

పెన్‌పహాడ్‌లోని మా దయాకర్ అన్నకు చెల్లెలు సువార్త వందనాలు తెలిపి సమర్పించుకునే నివేదిక.

విషయం: మన నాయనమ్మ రక్షణ ఇంకా అమలులో ఉన్నదా, రద్దయినదా అనే అంశం.

సూచిక: పోయిన వారం నీవు ఫోనులో "ఏమైందే" అని అడిగి, జవాబు వినకుండా పొలం మోటారు వేయడానికి వెళ్లిపోవడం.

నీవు, వదిన, పిల్లలు, కొత్తగా ఈనిన బర్రె అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ నాయనమ్మా క్షేమం. నాయనమ్మ బాగా ఉన్నది. ఈ వాక్యం ఉత్తరంలో ఇంకా రెండు మూడు చోట్ల వస్తుంది. నీవు కంగారుపడే మనిషివి కనుక ముందు జాగ్రత్తగా రాస్తున్నానే తప్ప, నిజంగానే బాగా ఉన్నది. ఈరోజు జరిగిన సంగతి రాయాలని చేయి ముందుకు ఉరుకుతున్నది గానీ, ఆఫీసు అలవాటు కొద్దీ మొదటి నుంచీ వరుసగా చెప్పుకొస్తాను.

మేము పెన్‌పహాడ్ విడిచి వచ్చి నాలుగు నెలలు. రెండు బస్సుల దూరాన్ని వలస అనవచ్చునా అని నీవు నవ్వుతావు. నాయనమ్మ దృష్టిలో ఇది పరాయి దేశం. ఇక్కడివాళ్లు "వస్తది" అనకుండా "వస్తుంది" అంటారు. ఆమె నన్ను పక్కకు పిలిచి, "వీళ్లు మనతోని కోపంగున్నరా, గిట్ల మాట్లాడుతున్నరు?" అని అడిగింది. ఎండలు ముదిరాయి. హైవే దుమ్ము మధ్యాహ్నానికల్లా బియ్యం డబ్బా మూత మీద కూడా చేరుతున్నది. నా ఉద్యోగం కాలేజీ ఆఫీసులో, మెమోల మీద విద్యార్థి పేరు, తండ్రి పేరు సరిచూడటం. ఎం.ఏ. చదివినందుకు ఆ పని కుర్చీలో కూర్చుని చేస్తున్నాను. మా ఇంటి ఓనరమ్మ శాంతమ్మగారు రోజూ ఏదో ఒక కూర పంపుతారు. అన్నీ పుల్లగానే ఉంటాయి. నాయనమ్మ మాత్రం జొన్నరొట్టె కోసం గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది. ఎవరైనా వచ్చేటప్పుడు రెండు కిలోల జొన్నపిండి పంపగలవు.

ఆమె మతిమరుపు సంగతి నీకు తెలిసిందే. ఉదయం టీ తాగినదీ లేనిదీ జ్ఞాపకం ఉండదు. ఇక్కడికి వచ్చాక ఇంకొకటి జరిగింది. రాహేలమ్మ అని పిలిస్తే పలకడం మానేసింది. బాప్తిస్మానికి ముందు పుట్టింటివాళ్లు పెట్టిన లచ్చమ్మ అనే పేరుకే పలుకుతున్నది. ఇంట్లో ఇది చిన్న విషయం. సంఘంలో ఇది పెద్ద విషయం అయింది.

ఇక్కడి సంఘ పెద్ద ప్రకాశరావుగారు శాంతమ్మగారి భర్త, మా ఇంటి ఓనరు, రిటైరైన హెడ్మాస్టరు. బడి మానినా హాజరు మానలేదు. ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు పేర్లు చదువుతారు. "రాహేలమ్మ" అంటారు. మూడడుగుల దూరంలో చాప మీద కూర్చున్న నాయనమ్మ, ఆ రాహేలమ్మ ఎవరో పాపం రాలేదన్నట్టు వెనక్కి తిరిగి చూస్తుంది. ఆయన గైరుహాజరు వేస్తారు. నేను చేయి ఎత్తితే, "ఒకరి హాజరు ఒకరు చెప్పకూడదమ్మా" అంటారు. ఆ విధంగా నాయనమ్మ వరుసగా మూడు ఆదివారాలు ముందు వరుసలో కూర్చుని గైరుహాజరైంది.

తరువాత సాక్ష్యం వంతు వచ్చింది. వేరే ఊరి నుంచి వచ్చిన విశ్వాసులు తాము ఎప్పుడు, ఎట్లా రక్షణ పొందారో నిలబడి చెబితేనే ప్రభు బల్ల రొట్టెలో పాలు ఇస్తామని ఇక్కడి నియమం. మంచి నియమమే. ప్రకాశరావుగారు గౌరవంగానే అడిగారు.

"అమ్మా, మీ రక్షకుడు ఎవరో సంఘానికి చెప్పండి."

నాయనమ్మ చాలాసేపు ఆలోచించి, "మా పెద్దోడు పొలం కాడికి పోయిండు సారూ," అన్నది. పెద్దోడివి నీవే.

ఆ తరువాతి నెల మొదటి ఆదివారం రొట్టె పళ్లెం వరుస వెంట వచ్చింది. నాయనమ్మ అందరిలాగే అరచేయి చాచింది. పళ్లెం ఆమెను దాటి నా దగ్గరికి వచ్చింది. ఆమె ఖాళీ అరచేతిని కొంతసేపు చూసుకుని, మెల్లగా ఒడిలో పెట్టుకున్నది. నేను కూడా తీసుకోలేదు. ఎందుకని అడిగినవారికి కడుపునొప్పి అని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు.

ఇంటికి వచ్చాక చెప్పులు విడుస్తూ అడిగింది. "నాకు పెట్టలేదేందే? నేనేం చేసిన?"

టీ తాగినది మరిచిపోయే మనిషి ఈ సంగతి మరిచిపోలేదు. వరుసగా మూడు నెలలు పళ్లెం దాటింది. మూడుసార్లూ ఇంటికి వచ్చి అదే మాట అడిగింది. నీకు ఫోనులో చెప్పలేకపోయినది ఇదే.

ప్రకాశరావుగారు చెడ్డవారు కారు. ఆయనకు నిజంగా భయం. రక్షకుణ్ణి ఒప్పుకోని నోటికి రొట్టె ఇస్తే ఆ తప్పు తన లెక్కలో పడుతుందని ఆయన నమ్మకం. విశ్వాసి తన రక్షణ పోగొట్టుకోగలడని ఆయన పక్షం. పోగొట్టుకోలేడని శాంతమ్మగారి పక్షం. గోడ అవతలి వాదన యథాతథంగా నాకు వినబడుతుంది.

"పేరు పోయింది, సాక్ష్యం పోయింది. ఇంకేం మిగిలింది శాంతా?"

"మొన్న మీరు కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికారు. అప్పుడు మీ చూపు పోయినట్టా, ఉన్నట్టా?"

కుర్చీ జరిగిన శబ్దం వచ్చింది.

మా పాస్టరుగారు చిన్నవయసు వారు, ఎవరినీ నొప్పించలేరు. అందుకని నిన్న శనివారం పగలు సంఘంలో సభ పెట్టి, సూర్యాపేట నుంచి ఒక పాస్టరుగారిని, మిర్యాలగూడ నుంచి ఒక పాస్టరుగారిని పిలిపించారు. మొదటివారిది పోతుందనే పక్షం, రెండవవారిది పోదనే పక్షం. చేతిరాత బాగుంటుందన్న కారణంతో సభా వివరాలు రాసే బాధ్యత నాకు అప్పగించారు. నాయనమ్మను ముందు చాప మీద కూర్చోబెట్టాను. ఆమె కూర్చున్నచోటే కునుకు తీసింది.

ఇద్దరూ గంటన్నరసేపు వచనాలు చదివారు. చదివినంతసేపూ ఇద్దరిదీ నిజమేననిపించింది. ఆ తరువాత సూర్యాపేటవారు బైబిలు మూసి మాటల్లో బస్సు ఎక్కారు.

"ఒకాయన కోదాడకు టికెట్ తీసుకున్నడు. మునగాలల దిగి పోయిండు. ఆయన కోదాడకు రాకపోతే బస్సుది తప్పా?"

మిర్యాలగూడవారు నవ్వారు. "దిగినోని ముచ్చట సరే అన్నా. ఈ ముసలామె దిగిందా? కునుకు పట్టిందంతే. కునుకు పట్టినోళ్లను బస్సు నడిమిట్ల దించి పోతదా?"

"చెకింగ్ వస్తది గద తమ్మీ. అప్పుడు టికెట్ అడిగితే ఏం చూపిస్తది?"

టికెట్ అన్న మాట రెండోసారి వినబడగానే నాయనమ్మ కళ్లు తెరిచింది. బస్సులో ఉన్నాననుకున్నదో ఏమో, కొంగు సర్దుకుని ఆయనతో అన్నది:

"టికెట్ ఏంది నాయినా? ఆడోళ్లకు లేదుగద. ఉత్తగనే తీస్కపోతున్నరు."

ఆడవాళ్ల వైపు నుంచి పెద్ద నవ్వు లేచింది. శాంతమ్మగారు భర్త వైపు చూసి మరీ నవ్వారు. సూర్యాపేటవారు మాత్రం నవ్వలేదు. ఆయన నిజాయితీగల మనిషి, వంగి నాయనమ్మనే అడిగారు.

"ఉత్తగనే అయినా ఆధార్ కార్డు చూపియ్యాలె గదమ్మా. నీ కార్డేది?"

"నా కాడెందుకుంటది? నేను యాడనో పడేస్కుంటనని, తోల్కపోయేటోళ్లే పెట్టుకున్నరు."

అన్నా, ఈ మాటను ఎవరి వాదన కింద రాయాలో తెలియక నేను పెన్ను ఎత్తి పట్టుకున్నాను. నాయనమ్మ తన పని అయిపోయినట్టు మళ్లీ కళ్లు మూసుకున్నది. సూర్యాపేటవారు కొంతసేపటికి లేచి వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, "అమ్మా, ఈ మాట రేపు మా సంఘంల చెప్పుకుంటా, ఏమనుకోవుగా?" అన్నారు. ఆమె కళ్లు తెరవకుండానే, "అన్నం తిని పోరాదు," అన్నది.

సభ చేసిన తీర్మానం ఇది: విశ్వాసి రక్షణ పోగొట్టుకోగలడా లేదా అనే ప్రశ్న మునుపటివలెనే పెండింగులో ఉంచడమైనది. లచ్చమ్మ విషయంలో మాత్రం, ఆమె రక్షణ ఆమె దగ్గర లేదని, ఉండవలసిన చోట భద్రంగా ఉన్నదని సభ భావించినది.

ఆ చివరి వాక్యం ప్రకాశరావుగారు స్వయంగా చెప్పి రాయించారు.

ఈరోజు మొదటి ఆదివారం. ఆయన హాజరు తీస్తూ "రాహేలమ్మ" అన్నారు. నాయనమ్మ అలవాటుగా వెనక్కి తిరిగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, కొంచెం గొంతు తగ్గించి "లచ్చమ్మా" అన్నారు.

"ఆఁ, గీన్నే ఉన్న," అన్నది నాయనమ్మ.

హాజరు వేశారు. పళ్లెం వచ్చింది, ఆమె ముందు ఆగింది. నేను కూడా తీసుకున్నాను, కడుపునొప్పి తగ్గింది.

ఇప్పుడు నీ వంతు. కార్యాలయానికి కావలసినవి: అక్కడి సంఘం నుంచి బదిలీ పత్రం, అందులో "రాహేలమ్మ ఉరఫ్ లచ్చమ్మ" అని రెండు పేర్లూ ఉండాలి. అది అడగడానికి నీవే వెళ్లాలి. ఆరాధనలో మైకు దగ్గర జరిగిన గొడవ తరువాత నీవు ఆ సంఘం గుమ్మం తొక్కి రెండేళ్లయిందని, "నా సంగతి ఎప్పుడో ఖతం" అని వదినతో అంటున్నావని తెలుసు. కానీ ఒక విషయం నమోదు చేయవలసి ఉన్నది. మేము బస్సు ఎక్కిన రోజు నాయనమ్మ ఆధార్ కార్డు నా చేతిలో పెడుతూ, "ఆమెకియ్యకు, యాడనో పడేస్కుంటది, నువ్వే పెట్టుకో" అన్నది ఎవరు? ఇద్దరు పాస్టర్లు గంటన్నరలో తేల్చనిది నీ మాటతో తేలింది. సభా వివరాలలో నీ పేరు రాయలేదు, రాయవలసింది.

ఇంకొకటి. ఆరాధన అయ్యాక నాయనమ్మ కొంగు ముడి చూస్తే అందులో సగం రొట్టె ముక్క ఉన్నది. తినవేమని అడిగితే, "పెద్దోడు పొలం కాడి నుంచి రాలే గద, వానికి," అన్నది. ప్రకాశరావుగారు చూశారు. ఇట్లా దాచిపెట్టడం నియమానికి విరుద్ధం. ఆయన గోడ మీది గడియారం వైపు చూస్తూ వెళ్లిపోయారు.

ముక్క గట్టిపడక ముందే రాగలవు. వచ్చేటప్పుడు జొన్నపిండి, పత్రం మరువవద్దు. వదినకు నా వందనాలు, పిల్లలకు ముద్దులు, ఎదురింటి పెద్దమ్మకు నాయనమ్మ బాగా ఉన్నదని చెప్పు. మా ఇద్దరి కోసం ప్రార్థన చేయి. నీది ప్రభువు వినరని నీవు అనుకుంటున్నా సరే, చేయి.

విధేయురాలు,
నీ చెల్లెలు సువార్త

జతపరచినవి: ఏమీ లేవు. రొట్టె ముక్కను పోస్టులో పంపడానికి నాయనమ్మ ఒప్పుకోలేదు.