అక్క తల దువ్వుకుంటుంది

బుధవారం, పెడన

సాయంత్రం ఆన్‌లైన్ ఇటాలియన్ క్లాసులో, మీ ఇంట్లో ఒకరి ఉదయం గురించి రాయమన్నారు మేడమ్. ఎవరి పని వాళ్ళే చేసుకుంటున్నట్టు చెప్పే క్రియలు వాడాలి. మనం చివర "కుంటుంది" అన్నట్టు వాళ్ళు ముందు "సి" పెడతారు. లావా అంటే కడుగుతుంది, సి లావా అంటే కడుక్కుంటుంది.

నేను అక్క గురించి రాశాను. అక్క మొహం కడుక్కుంటుంది, చీర కట్టుకుంటుంది, తల దువ్వుకుంటుంది. ఒక్క తప్పూ లేదని మేడమ్ మెచ్చుకున్నారు.

మంచం మీద నుంచి అక్క వింటూనే ఉంది. క్లాసు అయ్యాక, "ఏం రాశావే? తెలుగులో చెప్పు" అంది. చెప్పాను.

"ఎవరే ఆ అక్క?" అంది.

అక్కకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. ఇన్నేళ్ళూ కలంకారీ బట్టల మీద అచ్చులు వేసిన ఆ కుడిచెయ్యి ఇప్పుడు దువ్వెన కూడా పట్టడం లేదు. పొద్దున్నే అవన్నీ చేసేది నేనే. తెలిసి తెలిసి అలా ఎందుకు రాశాను? పాఠం కోసమేనా? లేక, నేను నర్సు ఉద్యోగానికి ఇటలీ వెళ్ళిపోయినా ఇక్కడ అక్క తన పనులు తను చూసుకోగలదని నాకు నేనే చెప్పుకుంటున్నానా?

"ఊరికే పాఠం కోసం రాశానక్కా" అన్నాను.

"తెలుసులే. నీ ఇటలీ పరీక్ష బాగా రాయి. నన్ను కాస్త అటు తిప్పవే" అంది.

గోడ వైపు తిప్పి దుప్పటి కప్పాను. అన్నం తెచ్చినా ఇటు తిప్పమని అడగలేదు.